దోవకు కంప వేసిందెవరు?

పొద్దు పొడిచీ పొడవకముందే సద్దిగిన్నె చంకన పెట్టుకొని కూలి ఆడవాళ్లు ఊరు దాటుతారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఏ ఊరి పొలిమేరలో నిలబడినా కనిపించే దృశ్యమే ఇది. ఊరు దాటితే వంక, వంక దాటితే బండిదోవ, దోవ వెంబడి శనగ చేలు, పత్తి చేలు, మిరప తోటలు. కొన్ని ఊళ్లలో నిన్న సాయంత్రం ఇంటికి నడిచొచ్చిన దోవ ఇవాళ పొద్దున ఉండదు. తుమ్మకంప అడ్డం పడి ఉంటుంది. కంప వెనక రాతికూసాలు, కూసాలకు ముళ్లతీగ. "ఇది మా పట్టా, ఇంకో పక్క తిరిగిపోండి" అంటాడు గట్టు మీది ఆసామి.

"ఇంకో పక్క యాడుందప్పా, ఆకాశంలోనా?" అని అడిగే నోరున్న అక్క గుంపుకొకరు ఉంటారు. మిగతావాళ్లు కుచ్చెళ్లు ఎత్తి దోపుకొని కాలువ గట్టు ఎక్కుతారు. చుట్టు తిరిగి చేను చేరేసరికి ఆలస్యం. ఆలస్యానికి కూలి కోత. కోత పెట్టేది దోవ మూసినవాడు కాదు, చేను వాడు. దోవ పోగొట్టుకున్నదీ కూలివాళ్లే, దానికి జరిమానా కట్టేదీ కూలివాళ్లే!

ఇది ఫలానా ఊరి కథ కాదు, అందుకే ఊరి పేరు రాయడం లేదు. ఈ నాలుగు మాటలు చదివిన ప్రతివాడూ "మా ఊరి సంగతే" అనుకుంటాడు. తాసీల్దారు ఆఫీసు దగ్గర అర్జీలు పట్టుకొని నిలబడినవాళ్లను పలకరించి చూడండి. పాసుపుస్తకంలో తప్పు పడిందని వచ్చినవాళ్ల తర్వాత, రస్తా మూశారని వచ్చినవాళ్లే కనిపిస్తారు.

అధికారుల దృష్టిలో ఇది ఇరుగుపొరుగు తగాదా. "మీరూ మీరూ కూర్చొని మాట్లాడుకోండి" అని పంపేస్తారు. మాట్లాడుకోవడానికి ఇద్దరూ సమానులైతే కదా! రోడ్డు పక్క యాభై ఎకరాలున్నవాడికీ, లోపల ఎకరన్నర ఉన్నవాడికీ కూర్చోవడానికి ఒకే చాప ఎక్కడిది? రోడ్డు పక్క చేనుకు దోవ అక్కరలేదు. దోవ కావలసింది లోపలి చేను వాడికి. లోపలి చేలు ఎవరివి? చిన్న రైతులవి, గుత్తకు చేసే కౌలుదార్లవి, ప్రభుత్వం చీటీ ఇచ్చిన దళితులవి. కొండ కిందనో వంక ఒడ్డునో ఎకరా, ఎకరన్నర చూపించి పట్టా చేతిలో పెట్టారు, ఫోటో తీసుకున్నారు. ఆ చేనికి పోవడానికి దోవ ఉందా అని ఆనాడు అడిగిన ఆఫీసరు అరుదు.

అసలు కిటుకు అక్కడే ఉంది. దోవ మూస్తే ఎరువు బండి పోదు. కోత మిషను పోదు. పండిన గింజను నెత్తిన మోసుకు రావాలి, లేదా పక్క ఆసామి కాళ్లు పట్టుకోవాలి. నల్లరేగడిలో ఒక వాన పడితే ఆ మోత కూడా సాగదు, అడుగు తీస్తే మోకాటి దాకా దిగుతుంది. రెండు పంటలు ఇట్ల నలిగినాక మూడో ఏట అదే ఆసామి పెద్దమనిషిలాగా వస్తాడు: "ఎందుకు అవస్థ పడతావు, నాకే ఇచ్చెయ్యి." దోవ లేని భూమికి ధర ఉండదు కాబట్టి అతను చెప్పిందే ధర. కంప వేసిన నాడే బేరం మొదలైందని అమ్మేవాడికి ఆలస్యంగా తెలుస్తుంది. అసైన్డు భూమి అమ్మకూడదని 1977 చట్టం చెప్పింది. 20 ఏళ్లు దాటినవాటికి 2023లో ఆ కట్టు సడలించారు. మరుసటి ఏడు కొత్త ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. కాగితాల మీద ఇంత నడుస్తుంటే, గట్టు మీద కంప మాత్రం ఏ సర్కారు వచ్చినా కదల్లేదు.

లెక్కకు వెలుపలి నేల

పనీపాటా లేని మనిషిని "పోరంబోకు" అని తిడతాం. ఆ మాట పుట్టింది భూమి లెక్కల్లో. రైత్వారీ సర్వేలో ప్రతి చేనుకూ నంబరు వేసి శిస్తు కట్టారు. శిస్తు రానిదాన్ని, అంటే దోవ, వంక, చెరువు, కల్లం, మేత బీడు, శ్మశానం, ఊరి మందబయలు వీటన్నిటినీ లెక్కకు వెలుపల పెట్టారు. అదే పోరంబోకు. దొరకు శిస్తు రానిది పనికిరానిదైంది. ఊరికి మాత్రం, అందులోనూ సెంటు భూమి లేనివాడికి, అదే ప్రాణాధారం. నాలుగు గొర్రెలు మేసేది అక్కడ. పొయ్యిలోకి కంప కొట్టుకునేది అక్కడ. చచ్చాక పూడ్చేది అక్కడ.

1905లో మద్రాసు ప్రభుత్వం భూ ఆక్రమణల చట్టం తెచ్చింది. బాటలు, వీధులు, వంకలు, చెరువులు సర్కారు ఆస్తి అని అందులోనే ఉంది. నోటీసు ఇచ్చి ఖాళీ చేయించే అధికారం ఉంది. ఆ చట్టం ఇప్పటికీ మన దగ్గర నడుస్తున్నదే. అదే చట్టం కింద ఆక్రమించినవాడికి శివాయిజమా వేస్తారు, బి మెమో ఇస్తారు. అది జరిమానా కాగితం. మన పెద్ద ఆసాములు దాన్ని దాచుకొని, పదేళ్ల తర్వాత "ఇదిగో, నేను పన్ను కట్టిన రసీదు" అని హక్కు కాగితంగా చూపించిన సందర్భాలు ప్రతి తాలూకాలోనూ ఉన్నాయి. దొంగకు వేసిన జరిమానా వాడికే పట్టా అయినట్టు!

1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. కరణం పెత్తనం పోయిందని ఏడ్చినవాళ్లెవరూ కూలివాళ్లలో లేరు, ఏడవాల్సిన అవసరమూ లేదు. కానీ ఏ నంబరు పక్కన ఎన్ని లింకుల దోవ ఉందో అతని నోట్లో, అతని కట్టల్లో ఉండేది. ఆ కట్టలు కొన్ని ఆఫీసు చేరాయి, కొన్ని చెదలు పట్టాయి, కొన్ని ఎవరి ఇంటి అటకమీదో ఆగిపోయాయి. దోవలు కాగితం మీద మాయమవడం అప్పుడే మొదలైంది.

జోధా అనే అర్థశాస్త్రవేత్త 1980లలో ఆంధ్రతో కలిపి ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా గ్రామాలు తిరిగి లెక్క తీశారు. 1950ల మొదలు నుంచి 1980ల మొదలు దాకా ముప్పై ఏళ్లలో ఊరుమ్మడి భూములు సుమారుగా మూడో వంతు నుంచి సగం దాకా తరిగిపోయాయని తేలింది. పేదల ఇంటికి వచ్చే రాబడిలో ఏడో వంతు నుంచి ఐదో వంతు పైదాకా ఆ ఉమ్మడి నేలల నుంచే వస్తుందని కూడా తేలింది. తర్వాతి నలభై ఏళ్లలో ఏం జరిగిందో మన కళ్లముందే ఉంది.

రెండు రకాల దోవలు

మన కార్యకర్తలు తరచుగా తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం.

కొన్ని దోవలకు సొంత సర్వే నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎదురుగా అడంగల్లోనూ ఆర్.ఎస్.ఆర్.లోనూ "రస్తా పోరంబోకు" అని రాసి ఉంటుంది. ఇది సర్కారు దోవ. దీన్ని మూసినవాడు పొరుగువాడితో కాదు, ప్రభుత్వంతో తగాదా పెట్టుకున్నట్టు. ఇక్కడ "మీరూ మీరూ మాట్లాడుకోండి" అనే హక్కు తాసీల్దారుకు లేదు. 1905 చట్టం కింద కదలాల్సింది ఆయనే.

ఇంకొన్ని దోవలు పట్టా చేల మధ్య నుంచి పోతాయి. వాటికి నంబరు ఉండదు. చేను కొలతల పటంలో, అదే ఎఫ్.ఎం.బి.లో, జంట చుక్కల గీతగా కనిపించవచ్చు, అదీ కనిపించకపోవచ్చు. తాతల కాలం నుంచి నడిచామన్నదే ఆధారం. దీనికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం దిక్కు. 20 ఏళ్లు బహిరంగంగా, హక్కుగా, అడ్డు లేకుండా నడిస్తే ఆ దోవ మీద హక్కు పుడుతుంది. సర్కారు భూమి మీదైతే 30 ఏళ్లు. వేరే దోవే లేని చేనుకు అవసరం కొద్దీ వచ్చే హక్కు వేరే ఉంది, ఒకే కమతం విడిపోయి రెండయినప్పుడు అది వర్తిస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది, ప్రతివాడూ గుర్తు పెట్టుకోవాలి. 20 ఏళ్ల నడక హక్కు కావాలంటే, దోవ మూసిన రెండేళ్ల లోపల దావా పడాలి. "చూద్దాంలే, పెద్దమనుషులు చెప్తారులే" అని మూడు సుగ్గిలు గడిపితే తాత నడిచిన 50 ఏళ్లూ గట్టు కింద పూడిపోయినట్టే. ఆసామి పంచాయితీని వాయిదాల మీద వాయిదా వేయించేది ఊరికే కాదు.

ఈ దేశపు దోవలకు కాలువలు మరో చిక్కు తెచ్చాయి. కర్నూలు కడప కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వింది, నీళ్లకే కాదు పడవలకు కూడా. కంపెనీ దివాలా బాట పడితే 1882లో సర్కారు కొనుక్కుంది. పడవలు ఏనాడో పోయాయి, గట్టు మిగిలింది. కె.సి. కాలువ గట్టు ఇవాళ ఎన్నో ఊళ్లకు బండిబాట. ఆ గట్టును ఇటు అరటి తోటలోకి రెండు గజాలు, అటు వరిమడిలోకి రెండు గజాలు కలుపుకొంటే బండి పట్టదు. ఇక నల్లమల పాదాల వెంట, రుద్రవరం, ఆళ్లగడ్డ, చాగలమర్రి పక్క తెలుగుగంగ కాలువ వచ్చింది. 1983లో శంకుస్థాపన జరిగిన ఆ కాలువ చేలకు నీళ్లిచ్చింది, కాదనం. ఊరికీ అడవి పక్క చేలకూ మధ్య గీత కూడా గీసింది. వంతెన ఎక్కడ కడితే అక్కడికే అందరి దోవా. ఆ వంతెన దగ్గరి చేను ఎవరిదైతే ఆ దోవకు తాళంచెవి వాడి చేతిలో ఉన్నట్టు.

ఇంకో చిత్రం చూడండి. 2005 ఉపాధి హామీ చట్టం కింద మన కూలీలే ఎన్నో పొలం దోవలకు మట్టి మోసి పోశారు. మే నెల ఎండలో తట్టలెత్తి గుంతలు పూడ్చారు. దోవ బాగుపడ్డాక పక్క చేను ధర పెరిగింది. ధర పెరిగిన చేనుకు కంచె పడింది. ఆ కంచె దోవలోకి జరిగింది. తాము పోసిన మట్టి మీద తామే నడవకూడదని కూలీలకు చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో!

బీడు, కల్లం, శ్మశానం

మేత బీళ్లు, కల్లాలు, శ్మశానాలు, మందబయళ్లు, తోపులు గ్రామ పంచాయతీకి చెందుతాయని 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను చెబుతుంది. అంటే సర్పంచి, వార్డు సభ్యులు వాటికి కాపలాదార్లు. ఎన్ని పంచాయతీలు తమ ఆస్తుల జాబితా గోడకు రాసి పెట్టాయి? 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామాలకు అప్పగించమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పు చేతబట్టుకొని రెవెన్యూవాళ్లు ముందు ఎవరి గుడిసె మీదికి పోతారో మనకు తెలుసు. ఊరి చివర బీట్లో గుడిసె వేసుకున్న కూలివాడి మీదికి. కానీ అదే తీర్పులో భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఇచ్చిన భూమిని క్రమబద్ధం చేయవచ్చని మినహాయింపు ఉంది. బడి, ఆసుపత్రి ఉన్నచోటా అంతే. తీర్పు సగం చదివే అధికారికి మిగతా సగం చదివి వినిపించాల్సింది మనమే.

ఇక్కడ మన ఇంటి సంగతీ ఒకటి ఒప్పుకోవాలి. మేత బీళ్లు దున్నినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. భూమి అడిగితే సర్కారు ఇవ్వనప్పుడు బీడు దున్నడం తప్పని ఈ రచయిత అనడు. కానీ బీడు దున్నేటప్పుడు గొర్రెలు నీళ్లకు పోయే దోవ వదలకుండా దున్నితే, మనం తిట్టిన ఆసామి పనే మనమూ చేసినట్టు. గొర్రెల కాపరీ కూలివాడే. వాడికీ మనకూ తగువు పెట్టి చూసేవాడు గట్టు మీద ఉన్నాడు.

దళితవాడల శ్మశానం దోవ సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది. శవాన్ని మోసుకొని వరిమడిలో మోకాటి లోతు బురదలో నడవాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. శ్మశానం కాగితం మీద ఉంటుంది, దానికి పోయే దోవ ఉండదు. పైరు మీద ఉంటే "ఇప్పుడు తొక్కొద్దు" అంటారు. చావు పైరు చూసి వస్తుందా? ఇది ఇరుగుపొరుగు తగాదా కాదు, నేరం. వాడుకలో ఉన్న దోవకు దళితులను అడ్డగించడం నేరమని 1989 అత్యాచార నిరోధక చట్టంలోనే ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ మరింత విప్పి చెప్పింది. ఊరుమ్మడి వనరులు, శ్మశానం, బావి, చెరువు, రోడ్డు, దోవ అందరితో సమానంగా వాడుకోనివ్వకపోతే కేసే. నీళ్ల దగ్గర, దోవ దగ్గర మొదలైన మాట ఎక్కడిదాకా పోతుందో కారంచేడు చూపించింది. అక్కడ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగాదాను సాకు చేసుకొని 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపారు.

ఇక పెద్ద కంచెల మాట. గడివేముల మండలం గని, ఓర్వకల్లు మండలం శకునాల దగ్గర సుమారు 5,900 ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. కరెంటు కావలసిందే. కానీ అన్ని వేల ఎకరాలకు కంచె పడితే ఆ నేలల మీదుగా పోయే మంద ఎటు పోవాలి? ప్రాజెక్టు పటం గీసేవాళ్లు రోడ్లు గీస్తారు, లైన్లు గీస్తారు, గొర్రెల దోవ గీయరు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక ఊరి చుట్టూ చేలు ప్లాట్లవుతున్నాయి. లేఅవుటులో పదో వంతు ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలన్నది నిబంధన. ప్లాట్లు కొన్న చిన్న ఉద్యోగులు పిల్లలకు ఆటస్థలం ఉందనుకొని కొంటారు, తర్వాత అక్కడ గేటు చూస్తారు. పల్లెలో కంప, పట్నంలో గేటు. కుందూ, మద్దిలేరు, చామకాలువ ఒడ్లనే ఆక్రమించుకుంటుంటే ఆటస్థలం ఎంత!

అడవి పక్కన కంప వేసేది సర్కారే. గుండ్ల బ్రహ్మేశ్వరం 1990లో అభయారణ్యమైంది. పులిని కాపాడాలి, నిజమే. కానీ తరతరాలుగా మేతకు పోయిన దోవల సంగతి? 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును ఊరుమ్మడి హక్కుగా గుర్తించింది. షెడ్యూల్డు తెగలవారు కాని ఇతరులు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవి మీద ఆధారపడి బతికినట్టు చూపాలి. మేత కోసం, పుల్లరికి వ్యతిరేకంగా 1921లో పల్నాడు రైతులు అడవి సత్యాగ్రహం చేశారు. కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణమిచ్చాడు. నల్లమలకు ఆ అంచున పల్నాడు, ఈ అంచున మన ఆళ్లగడ్డ.

ఇంగ్లండులోనూ ఇదే కథ నడిచింది. అక్కడి ప్రభువులు పక్షుల వేట కోసం కొండలనే మూసిపెట్టుకున్నారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు పక్క యువ కార్మికులు వందల మంది కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి చెప్పి మరీ నడిచారు. ఐదుగురు జైలుకు పోయారు. కొండల మీద, బయళ్ల మీద నడిచే హక్కును అక్కడి పార్లమెంటు 2000లో గానీ చట్టం చేయలేదు. మధ్యలో 68 ఏళ్లు.

చేతిలో ఉన్నవి

మన సీమలో దోవ తగాదాకు ఇంకో ముప్పు ఉంది. ఇద్దరు రైతుల గట్టు తగాదాలోకి రెండు వర్గాల నాయకులు దూరతారు. దోవ సంగతి పక్కకు పోతుంది, పరువు సంగతి ముందుకొస్తుంది. కర్ర పట్టేది కూలివాడి కొడుకు, కేసులో ఇరుక్కునేది వాడే, కోర్టుల చుట్టూ తిరిగేది వాడి తల్లి. ఆసాములు ఇద్దరూ మళ్లీ పెళ్లిళ్లలో కలుస్తారు. కాబట్టి కంప పీకడానికి రాత్రిపూట నలుగురు కుర్రాళ్లు పోవడం కాదు పని. పగటిపూట ఊరంతా, ఆడవాళ్లు ముందుండి, కాగితం చేతబట్టుకొని పోవడం పని.

ఏ కాగితం? గ్రామ పటం నకలు, ఆ నంబర్ల ఎఫ్.ఎం.బి. నకలు, ఆర్.ఎస్.ఆర్. నకలు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 2020 డిసెంబరు 21న మొదలుపెట్టిన రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్.పి. నంబర్లు వచ్చాయి. అక్కడ పాత పటం, కొత్త పటం పక్కపక్కన పెట్టి చూడాలి. పాతదానిలో ఉన్న దోవ కొత్తదానిలో లేకపోతే డ్రోనుకు కంప కనిపించింది, దోవ కనిపించలేదన్నమాట. ఇంకా రీసర్వే జరగని ఊళ్లలో, సర్వేయరు గొలుసో మిషనో పట్టుకొచ్చిన రోజు ఆసామి ఒక్కడే వెంట తిరిగితే రాసుకునేదీ ఆసామి చెప్పిందే. ఆ రోజు కూలి మానుకొని అయినా పదిమంది వెంట నడవాలి.

అందరూ నడిచే దోవ మూస్తే, ఆర్డీవో ఆ అడ్డు తొలగించమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో అది 133వ సెక్షను, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలో 152. దోవ వాడకం మీద తగాదా ముదిరి కొట్లాట దాకా వచ్చేట్టుంటే పాత 147, కొత్త 166. అర్జీ ఒక్కరి పేరున వద్దు, ఆ దోవన నడిచే ప్రతి ఇంటి వేలిముద్రా పడాలి. ఎప్పటినుంచి నడుస్తున్నారు, ఏ నెలలో మూశారు, మూయకముందు ఏ బండ్లు పోయేవి అన్నది రాయాలి. ఊర్లో ఎనభై ఏళ్ల ముసలాయన ఎవరైనా ఉంటే ఆయన మాట ముందు రాసుకోవాలి. ఆయన పోతే ఆ దోవకు సాక్షి పోయినట్టే. అర్జీ ఇచ్చాక తారీఖు వేసిన రసీదు తీసుకోకుండా గుమ్మం దిగొద్దు, రెండేళ్ల లెక్కకు అదీ పనికొస్తుంది. అర్జీ ఇచ్చినంత మాత్రాన దావా గడువు ఆగదు, ఆ లోపలే ఉచిత న్యాయ సహాయానికి మండల న్యాయ సేవా కమిటీని అడగాలి.

కొలత ఎప్పుడు అడగాలన్నది కూడా చూసుకోవాలి. పైరు మీద ఉంటే సర్వేయరు రాడు, వచ్చినా పైరు తొక్కారని ఇంకో కేసు. శనగ కోతలైపోయి చేలు ఖాళీ అయ్యేది మాఘ ఫాల్గుణాల్లో. అప్పటినుంచి తొలకరి దాకా నేల బోసిగా ఉంటుంది. పాత రాళ్లు బయటపడతాయి, దోవ ఎక్కడ ఒరిగిందో కంటికే తెలుస్తుంది. రాయి పీకేసి ఉంటే ఆ గుంత ఫోటో కూడా తీసి పెట్టుకోండి.